ఒక్కరోజులో రెండువేల ఏండ్లు

రాయికల్‌లో తెల్లారగట్ల కారెక్కితే రాత్రి భోజనాల వేళకు శాతవాహనుల నుంచి నిజాం సుబేదార్ల దాకా అందరి ఆనవాళ్లూ చూసి ఇంటికి చేరవచ్చని నేను మనస్ఫూర్తిగా నమ్మాను. నమ్మి ఊరుకోక పట్టిక రాశాను. జగిత్యాల కోట, అరగంట. పొలాస, ఇరవై నిమిషాలు. ధర్మపురి, దర్శనంతో కలిపి గంట. కోటిలింగాల, అరగంట. కురిక్యాల బొమ్మలగుట్ట, ఇరవై నిమిషాలు. అటునుంచి వేములవాడ, ఆ తర్వాత ఎలగందుల. సిరిసిల్లలో చాయ తాగి కోరుట్ల మీదుగా ఇల్లు. ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య ఎన్ని కిలోమీటర్లో, ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో చూసి రాసుకున్నాను. ఆ పట్టికను ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడితే మస్కట్‌లో ఉన్న మా చిన్నబావ మెచ్చుకున్నాడు. నాకు చాలా సంతోషమైంది.

దసరా వెళ్లిన మరునాడు. కార్లో బాపు, అమ్మ, నా భార్య, మా పిల్లవాడు. బయల్దేరే ముందు బాపు పట్టికను ఒకసారి చదివి, "బిడ్డా, కురిక్యాలకు ముందుగాల పోదమా?" అన్నాడు. "అది వచ్చే తొవ్వల్నే ఉంటది బాపూ, ఒక్క బండే కదా, తర్వాత చూద్దాం" అన్నాను. "సరే తీ" అన్నాడు. మా బాపు ఏ మాటా రెండోసారి అడగడు. అది తెలిసి కూడా నేను ఆ మొదటి మాటను పట్టించుకోలేదు.

ఆయన అడిగిందేమిటో చెప్పాలి. బాపు తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాడు. నౌకరీ చేసినన్నాళ్లూ పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే నన్నయ ఆదికవి అని, రాజరాజనరేంద్రుడి కొలువులో పదకొండో శతాబ్దంలో తెలుగు పద్యం మొదలైందని చెప్పాడు. కురిక్యాల శాసనం గురించి వివరంగా చదివింది రిటైరైన తర్వాతే. తన ఇంటి నుంచి గంటన్నర దూరంలో, గంగాధర పక్కన గుట్ట మీద, నన్నయకు సుమారు నూరేండ్ల ముందటి కంద పద్యాలు రాతి మీద ఉన్నాయని తెలిసినప్పుడు, ఇన్నేండ్లు పిల్లలకు చెప్పిన పాఠంలో తన జిల్లా పేరే లేకుండా పోయిందని ఆయనకు బాధ కలిగింది. పదో తరగతి పిల్లలెవరన్నా ఇంటికొస్తే ఆ సంగతి చెప్పి పంపేవాడు. ఆ గుట్టను మాత్రం ఎప్పుడూ చూడలేదు. బస్సు దిగి నడవాలి, తోడు లేరు, నేనేమో హైదరాబాద్‌లో ఉంటాను.

ఆ శాసనం వేయించినవాడు జినవల్లభుడు. కన్నడ ఆదికవి పంపడికి తమ్ముడు. వాళ్లది కమ్మనాడులోని వంగిపర్రు నుంచి వచ్చిన బ్రాహ్మణ కుటుంబం. తండ్రి భీమప్పయ్య జైనం తీసుకున్నాడు. అన్న పంపడు వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి కొలువులో ఉండి 941లో 'విక్రమార్జున విజయం' రాశాడు. మన సిరిసిల్ల జిల్లా వేములవాడే ఆ రాజధాని. తమ్ముడు ఈ గుట్ట మీద చక్రేశ్వరినీ జినమూర్తులనూ చెక్కించి, బసది కట్టించి, చెరువు తవ్వించి, తోట వేయించి, ఆ సంగతులన్నీ 945 ప్రాంతంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలోనూ రాయించాడు. బసది పేరు త్రిభువన తిలకం, చెరువు పేరు కవితాగుణార్ణవం, తోట పేరు మదనవిలాసం. అరికేసరి పంపడికి ధర్మవురం అనే అగ్రహారం ఇచ్చిన ముచ్చట కూడా అందులో ఉంది. చివరికి వచ్చేవి తెలుగు కందాలు. అంతకుముందు తెలుగులో పద్యశాసనాలు లేవని కాదు. 848 నాటి అద్దంకి శాసనం ఉంది, కానీ అది తరువోజ. కందం వరకు కురిక్యాలనే ముందు చెప్పుకుంటారు. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు ఈ రాయి పేరు చాలామంది నోట వినబడింది. ఇదంతా పట్టిక రాసేనాటికి నాకూ తెలుసు. తెలిసే ఇరవై నిమిషాలని రాశాను. నా తెలివితక్కువతనంలో నన్ను ఇప్పటికీ బాధపెట్టే భాగం ఇదే. తెలియక చేసిందైతే ఇంత గుచ్చుకునేది కాదు.

జగిత్యాల కోటలో ఎండ ఇంకా చల్లగా ఉంది. చుట్టూ కందకం, నక్షత్రం కొనల్లా ముందుకు పొడుచుకొచ్చిన బురుజులు, వాటి మీద ఫిరంగులు. 1747లో నిజాం సుబేదారు జఫర్‌ఉద్దౌలా కోసం ఫ్రెంచి ఇంజినీర్లు కట్టిన కోట అది. మన దిక్కు కోటలు చాలావరకు గుట్టనెక్కి కూర్చుంటాయి. ఇది మాత్రం చదునుగా ఉన్న నేల మీద ఉంటుంది. శత్రువు ఏ పక్క నుంచి వచ్చినా రెండు కొనల మీది ఫిరంగులకు దొరికేలా గోడలను వంచి కట్టడం ఐరోపా పద్ధతి. బురుజు మీద నిలబడి ఆ కొన నుంచి ఈ కొనకు చూపు సారిస్తే మధ్యలో తలదాచుకునే జాగా ఉండదు. మా పిల్లవాడు నేను చెప్పకుండానే అది కనిపెట్టాడు. చాలా ముచ్చటేసింది. అయితే కోట మొత్తం నక్షత్రంలా కనిపించే ఫొటో కావాలని నేను బురుజు బురుజుకూ తిరిగాను. నేల మీద నిలబడి తీస్తే ఆ ఆకారం రాదని ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. పట్టికలో అరగంట రాసుకున్న చోట దానికి మూడింతలు పోయింది.

పోయిన ఆ కాలాన్ని పొలాసలో రాబట్టుకోవాలని చూశాను. పొలాస అంటే ఈ ప్రాంతంలో చాలామందికి వ్యవసాయ పరిశోధన కేంద్రం. తొమ్మిది వందల ఏండ్ల కింద అది పొలవాస, ఒక రాజ్యానికి రాజధాని. మేడరాజు ఏలిన ఊరు. హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గర రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనం, ఆయన గెలిచిన దేశాల్లో పొలవాసను చెబుతుంది. కాకతీయులు చాళుక్యుల చేతికింది నుంచి బయటపడి తమంత తాము నిలబడిన రోజుల కథలో మన పొలాస ఓడిన పక్షం. గెలిచినవాళ్ల గుడి చూడటానికి వరంగల్‌కు బస్సులు కట్టుకొని పోతాం. ఓడినవాళ్ల ఊరు కోసం మాత్రం బండి ఆపం. పౌలస్తీశ్వరస్వామి గుడి ఆవరణలో బాపు రాళ్ల మధ్య నడుస్తూ ఒకచోట ఆగి వంగి చూస్తున్నాడు. దగ్గరికి పోతే, అరిగిపోయిన రాతి అంచు మీద వేలితో మెల్లగా రాస్తున్నాడు. "ఏముంది బాపూ?" అంటే, "ఏమన్న ఉన్నదా అని చూస్తున్న" అన్నాడు. నేను గడియారం చూసుకున్నాను. ఆయన అది గమనించి లేచి, చేతులు దులుపుకుని కారు దిక్కు నడిచాడు. ఆ రాతి మీద ఏమన్నా ఉందో లేదో నాకు నేటికీ తెలియదు.

ధర్మపురిలో దసరా సెలవుల జనం. క్యూ గుడి చుట్టూ తిరిగింది. అమ్మకు నరసింహస్వామి దర్శనం కావాలి, అందులో తొందరపెట్టే మాటే లేదు, పెట్టలేదు కూడా. నరసింహ శతకం రాసిన శేషప్ప కవి ఈ ఊరివాడేనని క్యూలో బాపు మనవడికి చెప్పాడు. యమధర్మరాజు గుడి కూడా చూపించాడు. గోదావరి ఇక్కడ దక్షిణంగా తిరుగుతుందని, అందుకే ఇక్కడి స్నానానికి అంత పేరని అమ్మ చెప్పింది. భోజనాలు చేసి కారెక్కేసరికి పట్టికలో సగం మిగిలిపోయి ఉంది. అక్కడితో మానుకుని ఉంటే బాగుండేది. మానుకోలేదు. గ్రూపులో పెట్టిన పట్టిక పూర్తికాకపోతే నలుగురూ ఏమనుకుంటారో అనిపించింది. నిజంగా ఎవరూ ఏమీ అనుకోరు. ఆ పూట ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు.

కోటిలింగాల దారిలో రోడ్డుకు ఒక పక్క అంతా మక్కలు ఆరబోశారు. అక్టోబర్‌లో మన దగ్గర ప్రతి తారురోడ్డూ సగం కల్లమే. అంచుల మీద రాళ్లు పేర్చి ఉంటాయి, ఎదురుగా లారీ వస్తే ఎవరో ఒకరు ఆగాల్సిందే. ఒకామె కొంగు నడుముకు చెక్కుకుని కాళ్లతో మక్కలు తిరగేస్తోంది. అడ్డంగా నిలబడి ఉన్న కారును చూసి నిదానంగా, "జర ఆగు కొడుకా, అయిపాయె" అంది. ఫోన్‌లో కిలోమీటర్లు లెక్కేసుకున్నప్పుడు ఈ మక్కలు నా లెక్కలో లేవు. వాటిని ఆరబోసుకున్నవాళ్లు అప్పటికి నెలల తరబడి ఆ పంట కోసం ఎదురుచూసి ఉన్నారు.

గోదావరిలో పెద్దవాగు కలిసే చోట ఉంది కోటిలింగాల. కోటేశ్వరస్వామి గుడి, రేవు, పడవలు. చూసేవాళ్లకు అది పుణ్యక్షేత్రం. పక్కనున్న దిబ్బ మాత్రం శాతవాహనుల కథ మొదలైన చోటని చెబుతారు. ఊరివాళ్లకు దొరికిన నాణేలను ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ సేకరించి పెట్టారు. వాటిని పరిశీలించిన పి.వి. పరబ్రహ్మశాస్త్రి శాతవాహన తొలి రాజు సిముకుడి నాణేలను గుర్తించారు. పురాణాల్లో ఉన్న ఆ రాజు పేరు లోహం మీద ఇక్కడ దొరికింది. అంతకన్నా ముందటి గోభద, నారన, సమగోప అనే రాజుల పేర్లతో కూడా నాణేలు దొరికాయి. ఏ పురాణంలోనూ లేని పేర్లవి. ఆ తర్వాత వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగి మట్టికోట గోడలు, పెద్ద పెద్ద ఇటుకల కట్టడాలు బయటపడ్డాయి. ఇప్పుడు ఆ ప్రాంతంలోకి ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు వచ్చాయి.

అటువంటి చోట గుడి చుట్టే చూసి వచ్చేశాను. దిబ్బ ఎటుందో అడగనేలేదు. అడిగితే నడవాలి, నడిస్తే ఆలస్యమవుతుంది. రేవులో నిలబడి ఫొటో తీసి 'శాతవాహనుల తొలి రాజధాని' అని రాసి గ్రూపులో పెట్టాను. నేను పెట్టింది గోదావరి ఫొటో. కింద రాసింది నేను చూడని దాని పేరు. చిన్నబావ పొగిడాడు. అది నాకు అబద్ధం కిందే లెక్క. ఇక్కడ చెప్పుకోకపోతే మనసున పట్టదు.

ధర్మారం, చొప్పదండి మీదుగా గంగాధర దిక్కు వచ్చాం. దారి పొడుగునా మక్కలు, వరి కోతల బండ్లు. బాపు ముందు సీట్లో కూర్చుని మాటిమాటికీ ఎడమ వైపు ఆకాశం చూస్తున్నాడు. పొద్దు ఎంతుందో కొలుచుకుంటున్నాడని అప్పుడు అర్థమైంది. గంగాధర గురించి ఆయనే చెప్పాడు. సోమదేవసూరి సంస్కృతంలో 'యశస్తిలక చంపువు'ను 959లో పూర్తి చేసింది ఇక్కడేనట. ఒకే తరంలో ఈ చుట్టుపక్కల కన్నడ మహాకావ్యం, సంస్కృత చంపువు, తెలుగు కందం పుట్టాయని, ఆ మూడింటికీ నీడనిచ్చింది వేములవాడ రాజులేనని అన్నాడు. ఆయన గొంతులో అంత ఉత్సాహం నేను చాలా ఏండ్లుగా వినలేదు. దీన్ని పొద్దున్నే వినాల్సింది.

బొమ్మలగుట్ట కిందికి చేరేసరికి పొద్దు గుట్టల వెనక్కి దిగిపోయింది. అక్కడ పెద్ద పెద్ద బండలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. పైకి పోవాలంటే రాతి వాలు మీద చేతులు ఆనించి ఎక్కాలి. మేకలు తోలుకుపోతున్న పెద్దమనిషిని తొవ్వ అడిగితే మమ్మల్నందరినీ ఒకసారి చూసి, "గిప్పుడా? ఈ ముసలాయనతోనా? జారితె ఎట్ల సారూ, పొద్దుగాల రాండ్రి" అన్నాడు. బాపు కండువా భుజం మీంచి తీసి నడుముకు చుట్టుకున్నాడు. నాలుగడుగులు పైకి వేశాడు. ఆగాడు. అక్కడి నుంచి పైకి చూశాడు. "ఎక్కొచ్చు గని దిగరాదు" అని వెనక్కి తిరిగాడు. ఆయన మొఖంలో కోపం లేదు. కోపం ఉంటే నేను ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ని.

వేములవాడ, ఎలగందుల, సిరిసిల్ల అన్నీ అక్కడే ఆగిపోయాయి. జగిత్యాల దిక్కు తిరిగాం. కొండగట్టు దగ్గర చీకట్లో మా పిల్లవాడు అడిగాడు, "తాతా, కందం అంటే ఏంది?" బాపు వెనక్కి తిరగకుండానే డాష్‌బోర్డు మీద వేళ్లతో కొట్టి చెప్పడం మొదలుపెట్టాడు. కందంలో నాలుగు మాత్రల గణాలే పడతాయి. గగ, భ, జ, స, నల. ఒకటో పాదంలో మూడు, రెండో పాదంలో ఐదు, మళ్లీ మూడు, మళ్లీ ఐదు. రెండేసి పాదాలు కలిపి లెక్కపెడితే బేసి చోట జగణం రాకూడదు. ఆరో చోట మాత్రం జగణమో నలమో వచ్చి తీరాలి. రెండో పాదం, నాలుగో పాదం గురువుతో ముగియాలి. ప్రాస తప్పరాదు. "గింత కట్టుదిట్టమైన పద్యం గా రాతి మీద ఉన్నదంటే, అంతకుముందే జనం నోట్ల అది ఎంతగనమో నలిగి ఉంటది బిడ్డా. మొదటిసారి రాసిన చెయ్యి గంత సాఫీగ రాయది" అన్నాడు. కారులో అందరూ విన్నారు. రాయి ముందు నిలబడి చెప్పాల్సిన పాఠం రోడ్డు మీద, ఎదుటి లారీల వెలుతురులో జరిగింది.

తర్వాత చాలా రోజులు ఆ పట్టికను తీసి చూసుకునేవాణ్ని. నా లెక్కలో కిలోమీటర్లు తప్పలేదు. మక్కలు, క్యూ పక్కనపెడితే గంటలు కూడా పెద్దగా తప్పలేదు. ఒక్కో చోట ఆగి చూడటానికి ఎంతసేపు పడుతుందన్న అంకెలే తప్పు, ఎందుకంటే ఆ అంకెలు ఎవరినీ అడగకుండా నేనే వేశాను. మన దిక్కు పాత చోట్లు మూడు వరుసలుగా ఉన్నాయి. గోదావరి వెంట పొలాస, ధర్మపురి, కోటిలింగాల. కరీంనగర్ రోడ్డు వెంట గంగాధర, కురిక్యాల. మానేరు వైపు వేములవాడ, ఎలగందుల. ఒక్కో వరుసకు ఒక రోజు ఇస్తే బండి నడిపే బాధ తగ్గుతుంది. కోటలను పొద్దెక్కినాక చూసినా పోయేదేం లేదు. శాసనాలకు మాత్రం ఏటవాలు వెలుతురు కావాలి. పక్క నుంచి ఎండ పడితేనే చెక్కిన గీతలో నీడ నిలిచి అక్షరం లేస్తుంది. నడినెత్తిన ఎండలో రాయి తెల్లగా చదునైపోతుంది. ఇది తెలిసినవాళ్లు శాసనం కోసం రోజు మొదలుపెడతారు, మిగతావి దాని చుట్టూ సర్దుకుంటారు. నేను తిప్పి చేశాను.

ఇంకొకటి కూడా ఉంది. మా రాయికల్‌లోనే కాకతీయుల కాలం నాటిదని పేరున్న పాత గుడి ఉంది. చిన్నప్పుడు దాని ముందు నుంచే బడికి పోయాను. ఆ పట్టికలో అది లేదు. మా ఊరు బయల్దేరే చోటుగానే కనిపించింది నాకు. మా అమ్మ ప్రతి కార్తీకంలో దీపం పెట్టే గుడి, ఇంటి నుంచి నడిచిపోయేంత దూరం, అది పాతదన్న సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

చలికాలంలో సెలవు పెట్టి మళ్లీ వచ్చాను. బాపును తీసుకుని ఒక్క కురిక్యాలకే పోయాం. చీకటి ఉండగానే బయల్దేరి తెల్లవారేసరికి గుట్ట కింద ఉన్నాం. కానీ అప్పటికి ఆయన మోకాలు బాగా పట్టేసింది. దసరా అప్పుడు పొద్దున్నే వచ్చి ఉంటే ఎక్కేవాడే, దిగేవాడే. ఈసారి మొదటి బండ దగ్గరే కూర్చుండిపోయాడు. "నువ్వు పో, నేను ఈడ్నే ఉంట" అన్నాడు. నేను ఎక్కాను. చక్రేశ్వరి, జినమూర్తులు, వాటి కింద వరుసలు వరుసలుగా అక్షరాలు. పక్క నుంచి పడుతున్న ఎండలో ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించింది, అంత స్పష్టంగా ఉంటుందని నేను అనుకోలేదు. కానీ ఒక్క అక్షరం చదవలేకపోయాను. పదో శతాబ్దపు తెలుగు కన్నడ లిపి అది. నేర్చుకోవాలన్న ఆలోచనే నాకెప్పుడూ రాలేదు. చదవగలిగినవాడు కింద కూర్చున్నాడు, ఎక్కగలిగినవాడికి చదువు లేదు. అక్కడ నిలబడి చాలాసేపు ఏడుపు ఆపుకున్నాను.

ఫొటోలు తీసుకుని దిగాను. ఆ రాత్రి బాపు వాటిని పెద్దవి చేసి చూస్తూ, పాత శాసనాల పుస్తకం పక్కన పెట్టుకుని, నోటుబుక్కులో ఒక్కో అక్షరం రాస్తూ కూర్చున్నాడు. కందాల దగ్గరికి వచ్చేసరికి వేళ్లు మంచం పట్టె మీద మాత్రలు కొడుతున్నాయి. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని క, గ, మ ఎట్లా ఉన్నాయో చూపించాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్‌లో ఆ పాఠం నడుస్తోంది. నా చదువు నెమ్మదిగా సాగుతోంది. నేను తీసిన ఫొటోల్లో ఒకచోట నా నీడే పడి ఒక వరుస సగం పోయింది. మొన్న దాని దగ్గర ఆగిపోయి అన్నాడు, "బిడ్డా, ఈ వరుస రాలే. మళ్ల పోయి తియ్యి. ఎండకు అడ్డం నిలబడకు, పక్కకు జరిగి తియ్యి. పొద్దెక్కక ముందే పోవాలె."